తల్లి వైపు కథ: పక్షుల చుట్టరికాలూ మైటోకాండ్రియా జన్యువులూ

1994లో జపాన్ రాకుమారుడు అకిషినో కోళ్ల మీద ఒక పరిశోధనా పత్రం వెలువరించాడు. ఆ ఇంట్లో ఇది వింతేమీ కాదు. తండ్రి అకిహితో గోబీ చేపల వర్గీకరణలో పేరున్న మనిషి. ప్రపంచంలోని పెంపుడు కోళ్లన్నిటికీ తల్లి వైపు మూలం ఒక్కటేననీ, అది థాయిలాండ్ చుట్టుపక్కల అడవుల్లో తిరిగే ఎర్ర అడవికోడి ఉపజాతి అనీ ఆ పత్రం తేల్చింది. ఆధారం మైటోకాండ్రియా డీఎన్ఏలో 400 అక్షరాల ముక్క.

2006లో చైనా శాస్త్రవేత్తలు అదే డీఎన్ఏను చాలా ఎక్కువ కోళ్లలో చదివి, కోడిని మచ్చిక చేసుకోవడం ఒక్కచోట కాదు, పలుచోట్ల జరిగిందన్నారు. 2008లో హైదరాబాద్‌లోని పరిశోధనా సంస్థ సీడీఎఫ్‌డీ నుంచి జె. నాగరాజు బృందం మన దేశపు ఎర్ర అడవికోళ్ల నమూనాలు పెట్టి చూసి ఆ మాటనే బలపరిచింది. పెంపుడు కోళ్ల వంశంలో ఇక్కడి అడవికోళ్లకూ వాటా ఉందని తేల్చింది. అదే ఏడాది స్వీడన్ నుంచి ఇంకో సంగతి బయటపడింది. కోడి కాళ్లకు పసుపు రంగు తెచ్చిన జన్యురూపం ఎర్ర అడవికోడిది కాదట, బూడిదరంగు అడవికోడి నుంచి వచ్చి ఉండాలట. అది మన ద్వీపకల్పంలో తప్ప ఇంకెక్కడా లేని పక్షి. పద్నాలుగేళ్లుగా పెంపుడు కోళ్ల మైటోకాండ్రియా చదువుతున్నవాళ్లకు అంతుపట్టని ఈ చుట్టరికం కేంద్రకంలోని ఒక్క జన్యువును తిరగేస్తే దొరికింది. 2020లో 863 కోళ్ల పూర్తి జీనోములు చదివాక బొమ్మ మళ్లీ కొంత మారింది. మొదటి మచ్చిక నైరుతి చైనా, ఉత్తర థాయిలాండ్, మయన్మార్ ప్రాంతంలో జరిగింది. ఆ కోళ్లు మనుషులతోపాటు దేశాలు పట్టిపోతూ, వెళ్లిన చోటల్లా అక్కడి అడవికోళ్లతో కలిశాయి. రాకుమారుడి పత్రంలోనూ నిజముంది, హైదరాబాద్ పత్రంలోనూ ఉంది.

ఒకే పక్షి గురించి ఇన్ని జవాబులు రావడానికి పరిశోధకుల పొరపాట్ల కంటే వాళ్లు చదివిన పదార్థపు స్వభావమే ఎక్కువ కారణం. పక్షుల వంశవృక్షం గీయడంలో మైటోకాండ్రియా జన్యువులు ముప్పై అయిదేళ్లలో చేసిన మేలునూ తెచ్చిన తిప్పలనూ ఒక్కచోట పెట్టి చూద్దామనే ఈ ప్రయత్నం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. దగ్గరి చుట్టరికాలు అడిగితే ఈ జన్యువులు చాలావరకు సరైన జవాబే ఇస్తాయి. కోట్ల ఏళ్ల నాటి చుట్టరికాలు అడిగితే తడబడతాయి. రెండు జాతులు కలగలిసిన చోట సగం కథే చెబుతాయి. ఒక రకం ప్రశ్నకు పనికొచ్చిన ఆధారాన్ని మరో రకం ప్రశ్నకు వాడబోయినప్పుడే గొడవలన్నీ వచ్చాయి.

కణానికి కావలసిన శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాకు సొంత డీఎన్ఏ ఉంటుంది. కోడిలో దాని పొడవు 16,775 అక్షరాలు. 1990లో డెజార్డాన్, మొరే అనే ఇద్దరు దాన్ని ఆసాంతం చదివారు. పక్షుల్లో అలా పూర్తిగా చదివిన మొదటి మైటోకాండ్రియా అదే. అందులో 37 జన్యువులుంటాయి. 13 ప్రొటీన్లకు, 22 రవాణా ఆర్ఎన్ఏలకు, 2 రైబోజోమ్ ఆర్ఎన్ఏలకు. కోడి కేంద్రకంలో ఉన్న డీఎన్ఏ వంద కోట్ల అక్షరాలకు పైమాటే కాబట్టి, దాని ముందు ఇది లెక్కలోకి రానంత చిన్నది. అయినా శాస్త్రవేత్తలు దీన్నే పట్టుకోవడానికి కారణాలున్నాయి. ఒక్కో కణంలో దీని ప్రతులు వందలూ వేలూ ఉంటాయి గనుక ఎండిన చర్మంలోనూ పాత ఎముకలోనూ కేంద్రక డీఎన్ఏ నశించినా ఇది దొరికే అవకాశం ఎక్కువ. అక్షరాలు త్వరగా మారతాయి గనుక నిన్నమొన్న విడిపోయిన జాతుల మధ్య కూడా తేడా కనిపిస్తుంది. తల్లి డీఎన్ఏ, తండ్రి డీఎన్ఏ కలిసి ముక్కలు మార్చుకోవడమనే చిక్కు లేదు, ఎందుకంటే ఇది తల్లి నుంచి మాత్రమే వస్తుంది.

మన ఇంటిపేరు తండ్రి వైపు నుంచి వచ్చినట్టు ఇది తల్లి వైపు నుంచి వస్తుందనుకోండి. కొడుకులు లేని ఇంట్లో ఇంటిపేరు ఆగిపోయినట్టే, ఆడపిల్లలు లేని తల్లి మైటోకాండ్రియా వంశం ఆమెతోనే ఆగుతుంది. ఆమె మిగతా జన్యువులు మాత్రం కొడుకుల ద్వారా సాగుతూనే ఉంటాయి. ఇందువల్ల మైటోకాండ్రియా వంశాలు తొందరగా రాలిపోతాయి. ఒక జాతి రెండుగా చీలాక, ఒక్కో వైపు ఒక్కో వంశమే మిగిలి చీలిక స్పష్టంగా కనిపించడానికి కేంద్రక జన్యువుకు పట్టే కాలంలో సుమారు నాలుగో వంతు దీనికి చాలు. ఈ లెక్క చూపించే 1995లో విలియం మూర్, జాతుల అసలు వంశవృక్షంతో సరిపోయే అవకాశం ఏదో ఒక కేంద్రక జన్యువు గీసిన చెట్టు కంటే మైటోకాండ్రియా గీసిన చెట్టుకే ఎక్కువ అని వాదించాడు. చాలాకాలం పక్షిశాస్త్రజ్ఞులకు ఆ వాదమే ధైర్యం.

అంతకుముందు రంగాన్ని ఏలింది చార్లెస్ సిబ్లీ, జాన్ ఆల్‌క్విస్ట్‌ల పద్ధతి. రెండు పక్షుల డీఎన్ఏ పోగులను జతచేసి వేడిచేస్తారు. ఎంత వేడికి పోగులు విడిపోతాయో కొలుస్తారు. త్వరగా విడిపోతే దూరపు చుట్టాలు, ఆలస్యంగా విడిపోతే దగ్గరివాళ్లు. ఈ కొలతలతో వాళ్లు ప్రపంచంలోని పక్షులన్నిటినీ తిరగరాసిన పెద్ద పుస్తకం 1990లో వచ్చింది. సాహసానికి మెచ్చుకోవలసిందే. కాని చివరికి చేతిలో మిగిలేది ఒక దూరం అంకె మాత్రమే. ఆ అంకె మీద అనుమానం వస్తే ప్రయోగం మొదటినుంచీ చేయాలి.

ఆ పుస్తకం వచ్చేనాటికే కాలిఫోర్నియాలో అలన్ విల్సన్ ప్రయోగశాల దారి మార్చేసింది. 1989లో థామస్ కోచర్ తదితరులు మైటోకాండ్రియాలోని కొన్ని జన్యువులను ఏ వెన్నెముక జీవిలోనైనా పట్టుకోగల ప్రైమర్లను, అంటే చిన్న డీఎన్ఏ ముక్కలను, ప్రకటించారు. డీఎన్ఏకు ప్రతులు తీసే పీసీఆర్ యంత్రం, ఆ ప్రైమర్లు ఉంటే చాలు, సైటోక్రోమ్ బి జన్యువు చదవడం ఒక సాదాసీదా విశ్వవిద్యాలయ విభాగానికీ సాధ్యమైంది. చదివిన అక్షరాలను జెన్‌బ్యాంక్ వంటి బహిరంగ భాండాగారంలో పెట్టడం ఆనవాయితీ అయింది. నన్నడిగితే జన్యువు కంటే పెద్ద మార్పు ఇదే. ఒకరు చదివిన అక్షరాలను ఇంకొకరు తమ నమూనాలతో కలిపి లెక్క మళ్లీ వేయవచ్చు, తప్పుంటే పట్టుకోవచ్చు. తర్వాత బయటపడిన తప్పులన్నీ అలాగే బయటపడ్డాయి.

దగ్గరి చుట్టరికాల విషయంలో ఈ జన్యువులు ఎంత పదునైనవో చెప్పడానికి ఫ్లోరిడా కథ ఒకటి చాలు. అట్లాంటిక్ తీరపు ఉప్పునీటి గడ్డి మైదానాల్లో డస్కీ సీసైడ్ స్పారో అనే నల్లటి పిచ్చుక ఉపజాతి ఉండేది. చివరికి మగపక్షులే మిగిలాయి. వాటిని అమెరికా గల్ఫ్ తీరంలో ఉండే మరో ఉపజాతి ఆడపక్షులతో జతకట్టించి వంశం నిలబెట్టాలని చూశారు. చివరి డస్కీ 1987 జూన్‌లో డిస్నీ వరల్డ్‌లోని పంజరంలో చనిపోయింది. 1989లో జాన్ అవైస్, విలియం నెల్సన్ దాని మైటోకాండ్రియా డీఎన్ఏను కోతల పద్ధతిలో (ఎంజైములతో ముక్కలుగా కోసి) పరీక్షించి చూస్తే, అది అట్లాంటిక్ తీరంలోని మామూలు సీసైడ్ పిచ్చుకలతో కలిసిపోతోంది. గల్ఫ్ తీరపు పక్షులే దానికి దూరం. రక్షించాలనుకున్నవాళ్లు పక్క తీరాన్ని వదిలి దూరపు తీరం నుంచి వధువులను తెచ్చారన్నమాట. ఈకల రంగు చూసి గీసిన గీతలు ఎంత మోసం చేయగలవో ఆ ఒక్క పత్రం చూపించింది.

మ్యూజియం నమూనాల సంగతికొస్తే డోడోను మించింది లేదు. ఆక్స్‌ఫర్డ్‌లో మిగిలిన డోడో అవశేషం నుంచి బెత్ షాపిరో, అలన్ కూపర్ తదితరులు సైటోక్రోమ్ బి, 12ఎస్ జన్యువుల ముక్కలు రాబట్టారు. 2002లో వచ్చిన ఆ పత్రం ప్రకారం డోడోకు అత్యంత దగ్గరి చుట్టం పొరుగు ద్వీపం రోడ్రిగజ్‌లో అంతరించిన సాలిటైర్. బతికున్నవాటిలో దగ్గరిది నికోబార్ పావురం. మన అండమాన్ నికోబార్ దీవుల్లో ఆకుపచ్చగా మెరుస్తూ తిరిగే పక్షి అది. ఎగరలేని, ఎగతాళికి పేరుపడిన ఆ లావుపాటి డోడో పావురాల మధ్యలో ఎక్కడో పుట్టిన పావురమేనని తేలిపోయింది.

కివీల కథ ఇంకా రసవత్తరం. నిప్పుకోడి, ఈము, కాసోవరీ, రియా, కివీ, అంతరించిన మోవా, మడగాస్కర్‌ ఏనుగు పక్షి, ఇవన్నీ ఎగరలేని పక్షులు. (మన దగ్గర ఫారాలు పెట్టి రైతులు చేతులు కాల్చుకున్న ఈము ఇదే.) దక్షిణ ఖండాలన్నీ ఒకప్పుడు గోండ్వానాగా కలిసి ఉండేవనీ, అవి విడిపోతున్నప్పుడు ఈ పక్షులు ఒక్కో ముక్క మీద మిగిలిపోయాయనీ పాఠ్యపుస్తకాలు చెప్పేవి. అందంగా అమరే వివరణ. 1992లో కూపర్ బృందం 12ఎస్ జన్యువుతో మొదటి దెబ్బ కొట్టింది. న్యూజిలాండ్‌లోనే పుట్టిపెరిగిన కివీ, మోవా ఒకదానికొకటి దగ్గర కావట, కివీకి ఆస్ట్రేలియాలోని ఈము, కాసోవరీలే దగ్గరట. న్యూజిలాండ్ వాసులకు తమ జాతీయ పక్షి ఆస్ట్రేలియా చుట్టమనడం అంత రుచించలేదు. 2014లో కీరన్ మిచెల్, కూపర్ తదితరులు ఏనుగు పక్షి ఎముకల నుంచి మైటోకాండ్రియా జీనోములు చదివారు. కివీకి అత్యంత సన్నిహిత బంధువు ఈము కూడా కాదని తేలింది. వేల కిలోమీటర్ల దూరాన మడగాస్కర్‌లో తిరిగిన, మనిషిని మించిన ఎత్తున్న ఏనుగు పక్షే దాని తోబుట్టువు. ఆ రెండు నేలలూ విడిపోయిన క్రమం, కాలం ఈ చుట్టరికంతో పొసగవు. అంటే పూర్వీకులు ఎగురుతూ వెళ్లాయి, ఎక్కడికక్కడ ఎగరడం మానుకున్నాయి. మోవాకు దగ్గరివి దక్షిణ అమెరికాలో ఇప్పటికీ కాస్తోకూస్తో ఎగిరే టినమూలు కావడం దీనికి తోడు. తర్వాత వచ్చిన కేంద్రక జన్యువుల సమాచారం కూడా ఏనుగు పక్షి, కివీల బంధాన్ని నిలబెట్టింది.

ఆ మోవాల దగ్గరే మైటోకాండ్రియా చెప్పలేని సంగతి కూడా ఒకటి బయటపడింది. డైనోర్నిస్ ప్రజాతిలో చిన్నది, మధ్యరకం, భారీది అంటూ ఎముకల కొలతలను బట్టి వేర్వేరు జాతులు రాసుకున్నారు. మైటోకాండ్రియా చదివితే చిన్నవీ పెద్దవీ ఒకే గుంపులో కలగలిసి వచ్చాయి. ఎందుకో దానికి తెలియదు. 2003లో రెండు బృందాలు పాత ఎముకల నుంచి ఆడపక్షుల్లో మాత్రమే ఉండే డబ్ల్యూ క్రోమోజోమ్ జాడను పట్టాక చిక్కు విడింది. చిన్నవి మగవి, భారీవి ఆడవి. ఆడమోవా మగదానికి రెండింతలకు మించి బరువుండేది.

మన దేశంలో ఈ పని ఆలస్యంగా మొదలైనా మంచి ఫలితాలే ఇచ్చింది. పశ్చిమ కనుమల శిఖరాల మీద షోలా అడవులు దీవుల్లా విడివిడిగా ఉంటాయి. మధ్యలో పాలక్కాడ్, చెంకోట కనుమ దారులు వాటిని తెంచేస్తాయి. అక్కడి చిన్న నీలిపక్షులను ఆంగ్లేయుల కాలం నుంచి షార్ట్‌వింగ్‌లంటూ తూర్పు హిమాలయాల పక్షులతో కలిపేశారు. వి.వి. రాబిన్, ఉమా రామకృష్ణన్ తదితరులు 2010లో వీటి జన్యువులు చూసి, కనుమ దారులకు అటూ ఇటూ ఉన్న పక్షులు ఎంతో కాలంగా విడిపోయి ఉన్నాయన్నారు. 2017లో మైటోకాండ్రియా, కేంద్రక జన్యువులు రెండూ కలిపి చూశాక ఇవి అసలు షార్ట్‌వింగ్‌లే కావని తేల్చి, షోలికోలా అనే కొత్త ప్రజాతిని పెట్టారు. అక్కడి లాఫింగ్‌థ్రష్‌లకు మాంటెసింక్లా అని మరో ప్రజాతి. కొత్తగా కనిపెట్టిన పక్షులు కావివి. ఊటీ, మున్నార్ వెళ్లినవాళ్ల కళ్లముందే తిరుగుతున్నవి. 1872లో దొరికి, తర్వాత వందేళ్లకు పైగా కనబడకుండా పోయి, 1997లో మహారాష్ట్రలో మళ్లీ కనిపించిన ఫారెస్ట్ ఔలెట్ అనే చిన్న గుడ్లగూబ విషయంలో ఫలితం దీనికి ఎదురుగా వచ్చింది. దానికి ప్రత్యేక ప్రజాతి అక్కర్లేదు, ఊళ్లలో కనిపించే మచ్చల పగిడికంటె ఉండే ఎథీనీ ప్రజాతిలోనే అది ఇమిడిపోతుందని 2018లో తేల్చారు.

నంద్యాల జిల్లా రోళ్లపాడు పేరు చెబితే గుర్తొచ్చే బట్టమేక పక్షి సంగతి బాధాకరం. దేశంలో పలు రాష్ట్రాల నుంచి సేకరించిన నమూనాలతో 2011లో వచ్చిన అధ్యయనం దాని మైటోకాండ్రియాలో వైవిధ్యం చాలా తక్కువని చెప్పింది. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ వంశాలు తొందరగా రాలిపోయేవని ముందే చెప్పుకున్నాం కదా. అందువల్ల మైటోకాండ్రియాలో వైవిధ్యం తగ్గినంత మాత్రాన మొత్తం జన్యుసంపద అంతే తగ్గిందని నేరుగా లెక్కగట్టకూడదు. హెచ్చరికగా తీసుకోవచ్చు.

కాలం లెక్కల దగ్గరికి వస్తే, రంగంలో బాగా పాతుకుపోయిన అంకె ఒకటుంది: విడిపోయిన రెండు జాతుల మైటోకాండ్రియా అక్షరాల మధ్య పది లక్షల ఏళ్లకు 2 శాతం తేడా. 1987లో షీల్డ్స్, విల్సన్ బాతుల కుటుంబానికి చెందిన గూస్ పక్షుల మీద కట్టిన లెక్క ఇది. తర్వాత ప్రతివాళ్లూ తమ పక్షికి దీన్నే అతికించారు. 1997లో క్లిక్కా, జింక్ ఉత్తర అమెరికా పాటపక్షుల 35 జతల మధ్య తేడాలు చూసి, ఈ వేగం ప్రకారం అవి విడిపోయి సగటున ఇరవై లక్షల ఏళ్లు దాటిందన్నారు. చివరి మంచుయుగాలే ఆ జాతులను విడగొట్టాయన్న పాత నమ్మకానికి అది గట్టి దెబ్బ. కాని గడియారమే తప్పయితే? హవాయి దీవులు ఒకదాని తర్వాత ఒకటి సముద్రంలోంచి పుట్టాయి, వాటి వయసులు మనకు తెలుసు. ఆ వయసులతో అక్కడి హనీక్రీపర్ పక్షులను కొలిస్తే వేగం 1.6 శాతమే వచ్చింది. 2008లో వియర్, ష్లూటర్ రకరకాల పక్షుల నుంచి 74 కొలతలు తీసుకుని సగటు వేస్తే 2.1 తేలింది. పాత అంకె గెలిచిందని సంబరపడ్డారు. నాకు మాత్రం ఆ సగటు కంటే దాని చుట్టూ ఉన్న ఎగుడుదిగుడులే ముఖ్యమనిపిస్తాయి. ఒక గుంపుకు సరిపోయే వేగం ఇంకో గుంపుకు సరిపోదు. కాలం కొద్దిదైతే లెక్క ఇంకా మారుతుంది. అంటార్కిటికాలో అడేలీ పెంగ్విన్ల గూళ్ల కింద పేరుకున్న ఏడు వేల ఏళ్ల వరకు పాత ఎముకలను లాంబర్ట్ బృందం 2002లో చదివితే, మైటోకాండ్రియాలోని ఒక భాగంలో మార్పుల వేగం అంతకుముందు అనుకున్నదానికి రెండు నుంచి ఏడు రెట్లు ఉంది. కొత్త మార్పుల్లో చాలా వాటిని సహజ ఎంపిక తర్వాత ఏరేస్తుంది కాబట్టి, దగ్గరి కాలంలో చూస్తే వేగం ఎక్కువ కనిపిస్తుంది. ఏదైనా పత్రంలో 2 శాతం తప్ప వేరే ఆధారం లేకుండా లక్షల ఏళ్ల లెక్క కనిపిస్తే దాన్ని సుమారు మాటగానే తీసుకోవాలి.

అసలు ఎదురుదెబ్బ పక్షులన్నిటి వేరు దగ్గర తగిలింది. నిప్పుకోడి, టినమూ వంటివి ఒక శాఖ, మిగతా పక్షులన్నీ రెండో శాఖ అని శరీర నిర్మాణం చూసినవాళ్లు ఎప్పటినుంచో చెబుతున్నారు. 1990ల చివర కొన్ని పక్షుల మైటోకాండ్రియా జీనోములు పూర్తిగా చేతికి రాగానే స్వీడన్‌లో హార్లిడ్, ఆర్నసన్, అమెరికాలో మిండెల్ బృందం చెట్లు గీశారు. రెండింట్లోనూ పిచ్చుకలు, కాకులు ఉండే పాసెరిన్ల గుంపు అందరికంటే ముందు విడిపోయినట్టు వచ్చింది. నిప్పుకోడి వంటివి ఆధునిక పక్షుల మధ్యలోకి జారాయి. ఎగరలేని ఆ పక్షులు నిజానికి ఎదగని పిల్లపక్షుల రూపంలో నిలిచిపోయినవంటూ ఒక వివరణ కూడా పుట్టింది. అంత పొడవైన డీఎన్ఏ, గణాంకాల్లో అంత గట్టి మద్దతు. అయినా తప్పు.

ఎలా జరిగింది? ఒకే చోట అక్షరం పదేపదే మారితే మొదటి మార్పుల జాడ చెరిగిపోతుంది. ప్రొటీన్ జన్యువుల్లో ప్రతి మూడో అక్షరం మారినా ప్రొటీన్‌కు సాధారణంగా నష్టం లేదు గనుక అక్కడ ఈ చెరిగిపోవడం మరీ ఎక్కువ. కోట్ల ఏళ్ల నాటి చీలికకు అందులో మిగిలేది రణగొణధ్వనే. దానికి తోడు పాసెరిన్లలో మార్పుల వేగం ఎక్కువ, పోలికకు పెట్టుకున్న మొసలి, తాబేలు జాతులు చాలా దూరపువి. వేగంగా మారిన రెండు శాఖల్లో ఒకే అక్షరం కాకతాళీయంగా వచ్చి చేరితే లెక్కలు వాటిని చుట్టాలుగా పొరబడతాయని ఫెల్సెన్‌స్టైన్ 1978లోనే హెచ్చరించాడు. మొత్తం చెట్టుకు పక్షులు పది కూడా సరిగా లేవు. తర్వాత పేటన్, హాడ్రాత్, బేకర్ 2002లోనూ, స్లాక్, పెన్నీ తదితరులు ఆపైనా మరిన్ని పక్షులను చేర్చి పొడవైన శాఖలను మధ్యలో విరిచారు. త్వరగా మారే అక్షరాలను పక్కనపెట్టారు. వేరు దాని పాత చోటికి వచ్చేసింది. అక్షరాలు ఎన్ని చదివామన్నది కాదు, ఏ పక్షులవి చదివామన్నదే ముఖ్యమని ఈ రంగం నేర్చుకున్నది ఇక్కడే. అలాగని లోతైన ప్రశ్నలన్నిటా మైటోకాండ్రియా చేతులెత్తేసిందనలేం. పులికాట్‌కు శీతకాలంలో వచ్చే ఫ్లెమింగోలకు దగ్గరి బంధువులు కొంగలు, బాతులు కావనీ, చెరువుల్లో బుడుంగున మునిగే పొట్టి గ్రీబ్ పక్షులనీ 2001లో వాన్ ట్యూనెన్ తదితరులు చెప్పినప్పుడు చాలామంది నవ్వుకున్నారు. వాళ్ల ఆధారాల్లో మైటోకాండ్రియా జన్యువులూ ఉన్నాయి. ఈరోజు వందల జీనోములు చదివినా ఆ బంధం చెక్కుచెదరలేదు.

ప్రయోగశాల బల్ల మీద ఎదురయ్యే చిక్కు వేరే ఉంది. మైటోకాండ్రియా డీఎన్ఏ ముక్కలు అప్పుడప్పుడూ కేంద్రకంలోకి చేరి అక్కడే స్థిరపడతాయి. వీటిని నమ్ట్‌లంటారు. ప్రైమర్ పొరపాటున వీటిని పట్టుకుంటే, మైటోకాండ్రియా అనుకుని శిలాజం లాంటి పాత ప్రతిని చదువుతాం, చెట్టు తారుమారవుతుంది. పక్షుల్లో ఈ ప్రమాదం ఎక్కువ. మన ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉండదు, పక్షుల రక్తకణాల్లో ఉంటుంది. పక్షిని చంపకుండా నమూనా తీయడానికి రెక్క కింద రక్తపు బొట్టు తీసుకోవడమే తేలిక. కాని ఆ రక్తం నిండా కేంద్రక డీఎన్ఏయే. కండరం, కాలేయం అయితే మైటోకాండ్రియా ఎక్కువ. 1998లో సోరెన్సన్, క్విన్ ఈ హెచ్చరికను వివరంగా రాశాక పద్ధతులు కొంత మారాయి. అంతకుముందు రక్తంతో చేసిన పాత పత్రాలు చదివేటప్పుడు ఈ సంగతి మనసులో ఉంచుకోవడం మంచిది.

ఒక చిన్న డీఎన్ఏ ముక్క చదివి జాతిని గుర్తుపట్టే బార్‌కోడ్ పద్ధతి గురించి ఎక్కువ చెప్పను, ఎందుకంటే అది గుర్తింపు పని, వంశవృక్షం పని కాదు. రెండూ ఒకటే అన్నట్టు జరిగిన ప్రచారమే వివాదం తెచ్చింది. 2004లో పాల్ హెబర్ట్ బృందం సీఓఐ జన్యువులో 648 అక్షరాలు చదివి ఉత్తర అమెరికాలోని 260 పక్షి జాతులను వేరుచేసింది. నాలుగు జాతుల్లో ఇంకా బయటపడని జాతులు దాగి ఉండవచ్చంది. పెద్ద గల్ పక్షుల దగ్గరికి వచ్చేసరికి ఆ పద్ధతి మొరాయించింది, వాటి అక్షరాలు కలగలిసిపోయి ఉన్నాయి. కాని రోజువారీ పనికి దీని విలువ తక్కువేం కాదు. 2009లో న్యూయార్క్‌లో హడ్సన్ నదిలో దిగిన విమానం ఇంజన్లలోని అవశేషాలు కెనడా గూస్‌వని తేల్చినవాళ్లకు ఈ డీఎన్ఏ కూడా తోడ్పడింది. అంతకంటే ముందే, 2003లో, హైదరాబాద్ సీసీఎంబీలో సునీల్ కుమార్ వర్మ, లాల్జీ సింగ్ ఏ జంతువు మాంసమో, ఏ పక్షి ఈకో తేల్చేందుకు సైటోక్రోమ్ బి జన్యువుకు సార్వత్రిక ప్రైమర్లు తయారుచేశారు. వేట కేసుల్లో అటవీశాఖ పంపే నమూనాలకు ఆ పద్ధతి అక్కరకొచ్చింది.

ఇక కలగలుపుల సంగతి. యూరప్‌లో తల పసుపుగా ఉండే యెల్లోహామర్, సైబీరియాలో తల మీద గోధుమ, తెలుపు చారలుండే పైన్ బంటింగ్. చూస్తే ఎవరూ ఒకటనరు, కేంద్రక జన్యువుల్లోనూ తేడా ఉంది. మైటోకాండ్రియా మాత్రం దాదాపు ఒకటే. ఒక జాతి ఆడపక్షుల వంశం రెండో జాతిలోకి చొరబడి పాతదాన్ని తుడిచిపెట్టేసిందని 2009లో డారెన్ ఇర్విన్ తదితరులు వివరించారు. అమెరికాలో దీనికి తలకిందులు కథ. గోల్డెన్‌వింగ్డ్, బ్లూవింగ్డ్ అనే రెండు వార్బ్లర్లకు మైటోకాండ్రియాలో సుమారు 3 శాతం తేడా ఉంది. 2016లో పూర్తి జీనోములు చదివితే స్పష్టమైన తేడా ఉన్న చోట్లు ఆరే, వాటిలో ఎక్కువ ఈకల రంగుకు సంబంధించినవి. మైటోకాండ్రియా ఒక్కటే చూసి జాతులు లెక్కపెడితే మొదటి జంటను ఒకటి చేస్తాం, రెండో జంట ఎంతోకాలం కిందటే విడిపోయిందంటాం.

విచిత్రమేమిటంటే పక్షుల్లో ఇలాంటి చొరబాట్లు తక్కువగా ఉండాలి. సంకరంలో రెండు వేర్వేరు లింగ క్రోమోజోములున్న లింగానికే ఎక్కువ నష్టమని హాల్డేన్ 1922లో ఒక సూత్రం చెప్పాడు. (చివరి ఏళ్లు మన దేశంలో గడిపి 1964లో భువనేశ్వర్‌లో కన్నుమూసిన ఆ హాల్డేనే.) పక్షుల్లో అలాంటి లింగం ఆడది. సంకర ఆడపక్షులు బతికి పిల్లలు పెట్టకపోతే మైటోకాండ్రియా అవతలి జాతికి దాటలేదు, మగవాటి ద్వారా కేంద్రక జన్యువులు మాత్రం దాటతాయి. కోడి కాళ్ల పసుపు అలా మగవాటి దారిన వచ్చి ఉండే అవకాశం ఉంది. ఈ సూత్రం వల్లే జాతుల సరిహద్దులకు మైటోకాండ్రియా నమ్మదగిన గుర్తు అనే వాదనకు బలం. పైన్ బంటింగ్ లాంటి ఉదాహరణలు అది అడ్డుగోడే గాని దాటరానిది కాదని చూపుతాయి.

2008లో జింక్, బారోక్లవ్ మైటోకాండ్రియా మీద ముట్టడి జరుగుతోందంటూ దాని తరఫున గట్టిగా రాశారు. మరుసటి ఏడాది స్కాట్ ఎడ్వర్డ్స్, స్టాఫన్ బెన్ష్ దానికి బదులిచ్చారు. ఎడ్వర్డ్స్ 1991లో విల్సన్‌తో కలిసి మైటోకాండ్రియాతోనే పాసెరిన్ల లోతైన శాఖలు గీసినవాడు. ఆ అనుభవంతోనే ఒక్క జన్యువు మీద ఆధారపడటం ఇక చాలన్నాడు. వాదన ఎవరు గెలిచారో తేల్చే పని యంత్రాలు చేసేశాయి. 2008లో హాకెట్ తదితరులు 169 జాతుల్లో 19 కేంద్రక జన్యు ప్రాంతాలు చదివారు. డేగలు గద్దలకు కాక చిలుకలకూ పాసెరిన్లకూ దగ్గరని అక్కడ గట్టిపడింది. 2014లో 48 పక్షుల జీనోములు, 2024లో 363 పక్షుల జీనోములు వచ్చాయి. లోతైన శాఖలు గీయడానికి మైటోకాండ్రియా మీద ఇప్పుడెవరూ ఆధారపడరు, ఆధారపడకూడదు కూడా. అయినా అది పోలేదు. జీనోమ్ చదివితే మైటోకాండ్రియా అక్షరాలు ఎలాగూ ఖర్చులేకుండా వచ్చేస్తాయి. మ్యూజియం అల్మారాల్లోని పాత చర్మాల కాలివేళ్ల నుంచి ముందు దొరికేదీ అదే. రెండు చెట్లను పక్కపక్కన పెట్టి, ఎక్కడ పొసగడం లేదో చూడటం ఇప్పుడు పరిశోధకుల మొదటి పని. పొసగని చోట ఒకప్పుడు తప్పు జరిగిందనుకునేవారు, ఇప్పుడు అక్కడేదో కథ ఉందనుకుంటున్నారు.

తల్లి వైపు కథ మాత్రమే కావలసిన ప్రశ్నలు కూడా ఉన్నాయి. యూరప్, ఆసియాల్లో తిరిగే కామన్ కుక్కూ (మన కోకిల కాదు, దాని చుట్టం) పరాయి పక్షుల గూళ్లలో గుడ్లు పెడుతుంది. ఒక ఆడపక్షి ఒకే రకం ఆతిథేయిని ఎంచుకుని దాని గుడ్లను పోలిన గుడ్లే పెడుతుంది. మగవి మాత్రం ఏ రకం ఆడదానితోనైనా జతకడతాయి. అలాంటప్పుడు గుడ్డు రంగు చెదిరిపోకుండా తరాలు ఎలా దాటుతోంది? 2000లో గిబ్స్ తదితరులు చూస్తే ఆతిథేయిని బట్టి మైటోకాండ్రియాలో తేడా ఉంది, కేంద్రక గుర్తుల్లో లేదు. రంగు తల్లి దారిన వస్తోందన్న అనుమానం బలపడింది. ఆడపక్షుల్లో మైటోకాండ్రియాతోపాటు తల్లి నుంచి కూతురికే వెళ్లేది డబ్ల్యూ క్రోమోజోమ్. 2016లో ఫోసోయ్ బృందం నీలం గుడ్లు పెట్టే కుక్కూలు ఒక పురాతన మైటోకాండ్రియా వంశానికి చెందినవనీ, ఆ నీలం రంగు తల్లి నుంచే సంక్రమిస్తోందనీ చూపించింది. ఈ ప్రశ్నకు జీనోమ్ మొత్తం చదివి సగటు తీస్తే జవాబు మసకబారుతుంది, ఆడపక్షుల వంశాన్ని మాత్రమే పట్టుకున్న ఆ 16 వేల పైచిలుకు అక్షరాల్లో కనిపిస్తుంది.